అరవడానికి అడవికి

మా పైవాటాలో ఉండే ఆయన ఇంతవరకు రేడియో కొనుక్కోలేదు. మా ఇంట్లో ఎవరేం తిన్నారో, ఎవరికి జలుబు చేసిందో, ఎవరి మీద ఎవరికి కోపం వచ్చిందో ఆయనకు కూర్చున్నచోటికే వినపడుతుంది. అంత మాత్రానికి మాది గొడవల ఇల్లు అనుకోకండి. మేం మామూలుగా మాట్లాడుకుంటేనే అలా ఉంటుంది.

నేను కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో వేలం వేస్తాను. తెల్లవారేసరికి లారీలు దిగుతాయి, ఎండెక్కేలోపు సరుకంతా కదిలిపోవాలి. ఉల్లిపాయ బస్తాల మీదికెక్కి నేను ధర పిలిచానంటే గేటు బయట టీ తాగేవాడు కూడా తలతిప్పి చూడాల్సిందే. మైకు పెడతామని మార్కెట్ కమిటీ వాళ్లు రెండుసార్లు అన్నారు. నేనే వద్దన్నాను. ఇక నా పనిలో గొంతు సగమే, మిగతా సగం కన్ను. కొనేవాళ్లు అరవరు. పక్కవాడికి తెలియకుండా పాట పెంచాలని ఒకడు కనుబొమ్మ ఎగరేస్తాడు, ఇంకొకడు చెవి గోక్కుంటాడు, మరొకడు చేతిసంచి ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకుంటాడు. రెండొందల మందిలో ఎవరి కనుబొమ్మ ఎప్పుడు కదిలిందో నేను చెప్పగలను. ఇరవై ఏళ్లలో ఒక్క సైగ కూడా నా కన్ను దాటి పోలేదు. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

నా భార్య సిటీ బస్సులో కండక్టరు. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద వేలాడేవాణ్ని కూడా గొంతుతోనే లోపలికి నెట్టగలదు. మా అమ్మ బట్టల మిల్లులో మగ్గాల షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేసింది. చుట్టూ నూట ఇరవై మగ్గాలు దడదడలాడుతుంటే వాటి మీదుగా పక్క మనిషికి కబుర్లు చెప్పి బతికిన మనిషి. మిల్లు ఆవిడ చెవులు సగం తీసుకుని, గొంతును రెట్టింపు చేసి ఇంటికి పంపింది. మా పెద్దాడికి ఎనిమిదేళ్లు. వాణ్ని వీధి వీధంతా డప్పు అంటుంది. వాడి అసలు పేరు స్కూలు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

ఇలాంటి ఇంట్లో పుట్టింది మా చిన్నది. ఐదున్నరేళ్లు. నోట్లో నాలుక లేని పిల్ల. వచ్చి పక్కన నిలబడుతుంది, పెదాలు కదుపుతుంది, నేను "సరే అమ్మా, సరే" అంటాను, వెళ్లిపోతుంది. బుద్ధిమంతురాలు, అల్లరి లేదు, పెద్దాడిలా ప్రాణాలు తోడెయ్యదు అని మేమంతా మురిసిపోతూ వచ్చాం. ఆ మురిపెం స్కూల్లో టీచరమ్మ పిలిపించిన రోజుదాకానే.

"మీ అమ్మాయి రాయడంలో అందరికన్నా ముందుంటుంది సార్. కానీ ఈ ఏడాదిలో ఒక్కసారైనా తన గొంతు నేను వినలేదు. సెలవులు అయ్యాక నోటి పరీక్ష ఉంది. అందులో జవాబులు చెప్పకపోతే ఇదే క్లాసులో ఇంకో ఏడాది ఉంచాల్సి వస్తుంది. ఎందుకైనా మంచిది, ఒకసారి డాక్టరుకి చూపించండి" అంది టీచరమ్మ. పక్కనే ఎనభై మంది పిల్లలు రెక్కలొచ్చినట్టు వరండాలో పరిగెత్తుతున్నారు. ఆవిడ ఇవన్నీ నా చెవి దగ్గరకొచ్చి అరిచి చెప్పాల్సి వచ్చింది.

ఇంటికొచ్చే దారంతా ఒకటే ఆలోచన: ఈ పిల్ల నోటి నుంచి "నాన్నా" అన్న పిలుపు చివరిసారి ఎప్పుడు విన్నాను? రెండేళ్లప్పుడు అన్నది గుర్తుంది. ఆ తర్వాతది ఎంత వెతుక్కున్నా దొరకలేదు. నాకు భయం వేసింది. బస్తాల మీదికెక్కి లోకాన్ని అదరగొట్టేవాణ్ని, ఆ పూట కూతురి మొహం చూడ్డానికి భయపడ్డాను.

డాక్టరు సోమవారం రమ్మన్నాడు. దానికి పదిరోజులుంది. ఈలోగా మేం ఊరుకుంటామా? వైద్యం మేమే మొదలుపెట్టాం. భోజనాల దగ్గర అందరం చిన్నదాని చుట్టూ కూర్చున్నాం. "ఏదీ, ఒక్క మాట చెప్పమ్మా" అన్నాను. దాని పెదాలు కదిలాయి. "గట్టిగా!" అన్నాను. "గట్టిగా చెప్పవే తల్లీ!" అంది నా భార్య. "ఏమందిరా? నాకు వినపళ్లేదు, గట్టిగా చెప్పమను!" అంది మా అమ్మ. "ఇలా అనాలి, ఇలా!" అని డప్పుగాడు ఒక కేక పెట్టి చూపించాడు. చిన్నది రెండు చెవులూ మూసుకుని తన పళ్లెం తీసుకుని బల్ల కిందికి పోయింది. పైవాటాయన కర్రతో నేలమీద రెండు దెబ్బలు కొట్టాడు.

మార్కెట్లో కాటా వేసే తమ్ముడొకడున్నాడు. నా దిగులు చూసి విషయం అడిగి, కాటా మీద చెయ్యి వేసి ఒట్టేసినంత పని చేసి చెప్పాడు.

"మా అక్క కూతురు కూడా అచ్చం ఇంతే అన్నా. ఆరేళ్లు వచ్చినా ఉలుకూ లేదు పలుకూ లేదు. నేషనల్ పార్కుకి తీసుకెళ్లారు. ఎలుగుబంటిని చూసి ఒక్క కేక పెట్టింది చూడు, ఇక అంతే. ఆ కేకతో గొంతుకి అడ్డమేదో ఊడిపోయింది. ఇప్పుడు దాని నోరు మూయించమని మా బావ మొక్కుకోని దేవుడు లేడు."

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు కానీ, ఆరోజు చెప్పేవాడి కాళ్లు పట్టుకుందామన్నంత నమ్మకం కలిగింది నాకు. మా ఊరికి ఆరు గంటల ప్రయాణంలో ఒక నేషనల్ పార్కు ఉంది. ఎలుగుబంట్లున్నాయని పోస్టర్లో బొమ్మ వేసి మరీ చెబుతున్నారు. శని ఆదివారాలకు బసా, పొద్దున్నే అడవిలోకి తిప్పే బండీ బుక్ చేశాను. సోమవారం డాక్టరు. ఎలుగుబంటి ముందు, డాక్టరు తర్వాత.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. నా భార్య సెలవు పెట్టింది కానీ ఆవిడ లోపలి కండక్టరు పెట్టలేదు. ఆగిన ప్రతిచోటా మమ్మల్ని వరసగా లెక్కపెట్టి ఎక్కించింది. మా అమ్మ కిటికీలోంచి కనిపించిన ప్రతిదాని గురించీ వెనక సీటు నుంచి ప్రకటనలు చేసింది. డప్పుగాడు ఎలుగుబంటి ఎలా అరుస్తుందో ఆరుగంటలూ చేసి చూపించాడు. చిన్నది నా పక్కన కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. మధ్యమధ్య నా వైపు తిరిగి పెదాలు కదిపింది. "సరే అమ్మా, వచ్చేశాం, వచ్చేశాం" అన్నాను.

మర్నాడు పొద్దున్నే పార్కు గేటు దగ్గర నిలబడ్డాం. బండి పైకప్పు లేనిది, పక్కలకు ఇనపకడ్డీలు, మూడు వరసల సీట్లు. దాన్ని నడిపేదీ అడవిని చూపించేదీ ఒక్క అమ్మాయే. ఆ గైడు అమ్మాయి గొంతు దూదిలా ఉంది. ముందు సీట్లో, ఆమె పక్కన, పసిపిల్లాడంత కెమెరా లెన్సును ఒళ్లో పెట్టుకుని ఒకాయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని, ముఖ్యంగా డప్పుగాణ్ని చూసి ఆయన మొహం వాడిపోయింది.

"ఈ నెలలో తల్లి ఎలుగులు పిల్లలతో తిరుగుతుంటాయి" అంది గైడు. "వాటికి చప్పుడు పడదు. బండిలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే మొదటిసారి చెప్తాను. రెండోసారీ చెప్తాను. మూడోసారి చెప్పను, బండి తిప్పేస్తాను. డబ్బులు వెనక్కి రావు."

నేను ఆమెను పక్కకు పిలిచాను. "అమ్మాయ్, మా చిన్నపిల్ల అరిస్తే ఎలా?"

"అరవకుండా మీరే చూసుకోవాలి సార్."

"అది కాదమ్మా. అరవాలనే తీసుకొచ్చాం."

నేను సంగతంతా చెప్పాను, టీచరమ్మ దగ్గర్నుంచి కాటా తమ్ముడి మేనకోడలి దాకా. ఆమె చిన్నదాన్ని చూసింది, మా అమ్మను చూసింది, అప్పుడే బండి అద్దంలో ఎలుగుబంటి మొహం పెట్టుకుంటున్న డప్పుగాణ్ని చూసింది.

"జంతువుల్ని చూడ్డానికి వచ్చేవాళ్లని చూశాను, ఫొటోలకి వచ్చేవాళ్లని చూశాను, అలిగి ఇంట్లోంచి వచ్చేసినవాళ్లని కూడా చూశాను" అంది. "అరవడానికి వచ్చినవాళ్లని ఇప్పుడే చూడ్డం. అయినా సార్, రూలు రూలే. మూడు."

మూడు. నాకు లెక్క దొరికింది. బండెక్కే ముందు మావాళ్లను గుంపుగా నిలబెట్టి చెప్పాను. "వినండి. మనకి మూడు అరుపులున్నాయి. మూడూ చిన్నదానివి. ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఎలుగుబంటి కనపడేదాకా ఒక్కళ్లు నోరు విప్పినా నేనూరుకోను." అందరూ తలాడించారు. మా అమ్మ కూడా ఆడించింది, విని కాదు, అందరూ ఆడిస్తున్నారని.

మధ్య వరసలో నేను, చిన్నది, డప్పు. వెనక అమ్మ, నా భార్య. బండి మట్టిబాటలో మెల్లగా లోపలికి పోయింది. పది నిమిషాలు అద్భుతంగా గడిచాయి. లెన్సాయన మొహం కూడా కొంచెం విచ్చుకుంది. గైడు బండి ఆపి, వేలు చూపించి, పెదాలతోనే "దుప్పులు" అంది. కుడివైపు గడ్డిలో ఆరేడు దుప్పులు తలలెత్తి మమ్మల్నే చూస్తున్నాయి.

"ఏంట్రా అందరూ అటు చూస్తున్నారు? ఏముందక్కడ?" అంది మా అమ్మ, నూట ఇరవై మగ్గాల మీదుగా.

గడ్డి ఒక్కసారి ఊగింది. దుప్పులు లేవు.

"ఒకటి" అంది గైడు, వెనక్కి తిరగకుండా.

నేను వెనక్కి తిరిగి, నోటికి అడ్డంగా వేలు పెట్టి, కళ్లు ఉరిమాను. మా అమ్మ నొచ్చుకుంది. "నేనేమన్నానురా ఇప్పుడు" అనబోతుంటే నా భార్య చటుక్కున ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పదిహేనేళ్లుగా అత్తాకోడళ్ల మధ్య ఇంత ధైర్యం ఎవరూ చెయ్యలేదు. అమ్మ కూడా బిత్తరపోయి ఊరుకుంది. తర్వాత తనే శాలువా తీసి నోటి చుట్టూ రెండు చుట్లు చుట్టుకుని, వెనక ముడి వేసుకుంది. అది అలక కింద చేసిందో సాయం కింద చేసిందో నేను అడగలేదు.

రెండు మిగిలాయి. రెండైనా తక్కువేం కాదు, కాటా తమ్ముడి మేనకోడలికి ఒక్కటే సరిపోయింది కదా అని సర్దుకున్నాను. బండి ఒక నీళ్లమడుగు వైపు దిగింది. వారమంతా తెల్లవారుజాము డ్యూటీ చేసిన మనిషి నా భార్య. కుదుపులకు కళ్లు మూతలు పడ్డాయి. మడుగు ఒడ్డున గైడు బ్రేకు వేసింది. అంతే. ఇన్నేళ్లుగా బ్రేకు పడ్డప్పుడల్లా ఆవిడ నోటి నుంచి ఏది వస్తుందో అదే వచ్చింది.

"దిగేవాళ్లు దిగండి! తలుపు దగ్గర నిలబడొద్దు! చిల్లర రెడీగా పెట్టుకోండి!"

మడుగులో ఎన్ని పిట్టలున్నాయో నాకు అప్పుడే తెలిసింది. ఆకాశం కాసేపు నల్లబడింది. వాటితోపాటు ఏదో పెద్దది పొదలు విరుచుకుంటూ వెళ్లిపోయింది. అదేమిటో మాలో ఎవరికీ కనపడలేదు.

"రెండు" అంది గైడు.

లెన్సాయన మెల్లగా నా వైపు తిరిగాడు. "ఏవండీ, ఇంటిల్లిపాదీ ఇంతేనా?" అన్నాడు. గుసగుసగానే అన్నాడు కానీ, ఆ గుసగుసలో ఎన్ని తిట్లున్నాయో లెక్కపెట్టొచ్చు. జవాబు గుసగుసగానే చెప్పాలని నేనూ నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. నలభై రెండేళ్ల వయసులో అప్పుడు తెలిసింది నాకు, గుసగుసలాడ్డం నాకు చేతకాదని. నోరు మూసుకుని నవ్వి ఊరుకున్నాను.

నా భార్య మొహం చిన్నబోయింది. "నిద్రలో వచ్చేసిందండీ" అని కళ్లతోనే చెప్పింది. నేనేమీ అనలేదు. అనడానికి గొంతు కావాలి కదా. డప్పుగాడి చేతికి బిస్కెట్ల పొట్లం ఇచ్చి, ఒకటి నోట్లో ఉండగానే రెండోది పెట్టుకోమని సైగ చేశాను. ఆ పని వాడు నమ్మకంగా చేశాడు.

ఒక్క అరుపు మిగిలింది. ఇక దాన్ని కాపాడుకోవాలి.

బండి చెట్ల మధ్య నుంచి ఎక్కి ఒక ఏటవాలు పచ్చిక దగ్గర ఆగింది. గైడు ఇంజను ఆపేసింది. "ఎడమవైపు ఆ కొండవాలు మీదికి రోజూ ఈ టైముకి వస్తుంది" అని బైనాక్యులర్స్ పెట్టుకుంది. లెన్సాయన లెన్సు ఎత్తాడు. అందరం ఎడమవైపు చూస్తూ కూర్చున్నాం.

అంత నిశ్శబ్దం నేను పుట్టి ఎరగను. చీమ చిటుక్కుమంటే వినపడుతుంది అనడం విన్నాను కానీ, అలాంటిచోట ఎప్పుడూ కూర్చోలేదు. మొదట నా చేతిగడియారం వినపడింది. తర్వాత డప్పుగాడి బిస్కెట్టు. ఆ తర్వాత ఇంకేదో సన్నగా, ఆగకుండా వినపడింది, టైరులోంచి గాలి పోతున్నట్టు. కడ్డీ మీదుగా వంగి టైరు చూశాను. బాగానే ఉంది. చప్పుడు బండి కిందనుంచి రావడం లేదు. నా మోచేతి దగ్గర్నుంచి వస్తోంది.

చిన్నది మాట్లాడుతోంది.

కళ్లు కుడివైపు పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, హాయిగా, తడుముకోకుండా, ఎన్నాళ్లనుంచో మాట్లాడుతున్న మనిషిలా మాట్లాడుకుంటూ పోతోంది.

"...అందరూ అటు చూస్తున్నారు. అది ఇటుంది. బండి ఆగగానే చెప్పాను. పడిపోయిన చెట్టు కిందే ఉంది. పిల్లలు రెండు. ఒకటి కింద పడింది, మళ్లీ ఎక్కింది. నాన్నకి చెప్పాను, నాన్న టైరు చూస్తున్నాడు. పోనీలే. అది వెళ్లిపోయాక చూస్తారు. నా బూట్లు కూడా అంతే. పట్టట్లేదు నాన్నా, కాళ్లు నొప్పెడుతున్నాయి అని చెప్పాను. సరే అమ్మా అన్నాడు. పోయిన ఆదివారం మళ్లీ చెప్పాను. సరే అమ్మా అన్నాడు. నిన్న దారిలో నాలుగుసార్లు చెప్పాను. వచ్చేశాం వచ్చేశాం అన్నాడు. ఇప్పుడు మడమ దగ్గర తడిగా ఉంది. అదిగో, ఇంకో పిల్ల కూడా పడింది..."

కోపంగా చెప్పడం లేదు. ఫిర్యాదులా కూడా కాదు. ఆకాశం మబ్బుగా ఉంది అన్నట్టు చెబుతోంది.

రెండొందల మందిలో ఎవడి కనుబొమ్మ కదిలినా పట్టేవాణ్ని. మూరెడు దూరంలో రోజుకి పదిసార్లు కదిలిన పెదాలను చూసి "సరే అమ్మా" అన్నాను. ఇరవై ఏళ్లలో ఒక్క సైగ కూడా నా కన్ను దాటలేదని ఎంతమందితో చెప్పుకున్నానో తలుచుకుంటే నన్ను నేనే తన్నుకోవాలనిపించింది.

తలవంచి నా చెవి దాని నోటి దగ్గర పెట్టాను. అది ఆపేసి నా వైపు ఆశ్చర్యంగా చూసింది. అడగాలని ఉంది, అడిగితే నా గొంతు అడవిని ఖాళీ చేస్తుంది. కనుబొమ్మ ఎగరేశాను. ఎక్కడ? అని. దానికి వెంటనే అర్థమైంది. గడ్డంతో కుడివైపు చూపించింది. నేను దాని ఎత్తుకు కుంగి, కడ్డీ కింది సందులోంచి చూశాను. కొమ్మల కింద, పడిపోయిన చెట్టు పక్కన, నల్లగా, పెద్దగా, తాపీగా మట్టి తవ్వుకుంటోంది తల్లి ఎలుగు. దాని వీపు ఎక్కి జారుతున్నాయి రెండు పిల్లలు. మాకెవరికీ కనపడకపోవడానికి కారణం ఒకటే, మేమంతా పొడుగ్గా ఉన్నాం.

గైడు భుజం తట్టి చూపించాను. ఆమె వంగి చూసి బైనాక్యులర్స్ కిందికి దించింది. లెన్సాయన లెన్సును ఇటు తిప్పాడు. నా భార్య నోరు రెండు చేతులా మూసుకుంది. డప్పుగాడు నమలడం ఆపేశాడు. శాలువాలోంచి మా అమ్మ కళ్లు ఇంతింతయ్యాయి.

నేను చిన్నదాన్ని చూశాను. ఇదే సమయం. దాచుకున్న అరుపు ఇంకా ఉంది. ఎలుగుబంటి ఎదురుగా ఉంది. ఇప్పుడు కేక పెట్టాలి.

అది పెట్టలేదు. నా చొక్కా పట్టుకుని దగ్గరకి లాగి, తన మామూలు గొంతుతో అంది. "చూశావా నాన్నా?"

నాన్నా. మూడున్నరేళ్ల తర్వాత. ప్రతి అక్షరం విడివిడిగా, శుభ్రంగా నా చెవిలో పడింది. ఆ తర్వాత ఏం జరిగిందో నేను సరిగ్గా చెప్పలేను. లేచి నిలబడ్డానట. రెండు చేతులూ పైకెత్తానట.

"మాట్లాడుతోందిరోయ్! మా అమ్మాయి మాట్లాడుతోందీ!"

మార్కెట్లో ఏ సరుకునూ నేను అంత గొంతుతో పిలవలేదు. తల్లి ఎలుగు ఒక్క గెంతు గెంతింది. పిల్లలు రెండూ దొర్లుకుంటూ లేచి దాని వెనక పడ్డాయి. కొమ్మలు విరిగాయి, దుమ్ము లేచింది. కెమెరా ఒక్కసారి క్లిక్కుమంది. లెన్సాయన ఆ ఫొటో చూసుకున్నాడు. ఎలుగుబంటి వెనకభాగం, సగం పొద చాటున. "ఎనిమిదో ట్రిప్పండీ" అన్నాడు ఎవరితోనూ కాకుండా. నాకు జాలేసింది కానీ, అప్పుడు నా సంతోషంలో ఆయనకు చోటు లేదు.

గైడు మూడు అని కూడా అనలేదు. తాళం తిప్పింది, బండి వెనక్కి మళ్లింది.

ఇక నోళ్లకు కట్టు తెగింది. మా అమ్మ శాలువా పీకేసి, "ఏమైందిరా? ఎవరికేమైంది?" అంది. "ఏమందండీ? ఏమంది? నాకు వినపళ్లేదు, మళ్లీ అనమనండి!" అంది నా భార్య. "నేను చూశా! నేను ఫస్టు చూశా!" అన్నాడు డప్పు, బిస్కెట్టు పొడి చల్లుతూ. "బంగారుతల్లీ, ఏదీ, నాయనమ్మకి చెప్పు, గట్టిగా చెప్పు!" "గట్టిగా అమ్మా, గట్టిగా!"

చిన్నది చెబుతోంది. పెదాలు కదులుతున్నాయి. నాకు ఒక్క ముక్క వినపడటం లేదు. "ఆగండి! ఆగండెహె, పిల్ల మాట్లాడుతోంది!" అని అరిచాను. నన్ను దాటి వినిపించాలని మా అమ్మ గొంతు పెంచింది, ఆవిడను దాటి నా భార్య పెంచింది, వాళ్లిద్దర్నీ దాటి డప్పుగాడు. "నోర్ముయ్యండీ!" అన్నాను. ఇంజను చప్పుడును కూడా మింగేసింది నా కేక. చిన్నది రెండు చేతులతో చెవులు మూసుకుంది. పెదాలు ఆగిపోయాయి.

నాకు మళ్లీ భయం పట్టుకుంది. అడవికి వచ్చేముందు పట్టిన భయం కంటే ఇది పెద్దది. అప్పుడు పిల్లకేదో లోపముందని భయపడ్డాను. ఇప్పుడు, పిల్లకి విసుగొచ్చి ఇక మాకు చెప్పడమే మానేస్తుందేమోనని. ఎవరైనా ఎన్నాళ్లని చెబుతారు?

గేటు దగ్గర బండి ఆగగానే చిన్నదాన్ని ఎత్తుకుని దిగాను. టికెట్ల గది వెనక ఒక పొట్టి గోడ ఉంది. అటు నడిచాను. మావాళ్లంతా బిలబిలమంటూ వెంటబడ్డారు. గైడు వాళ్లకు అడ్డంగా వచ్చి నిలబడింది. "కాసేపు ఇక్కడే ఉండండమ్మా. వాళ్లిద్దర్నీ వెళ్లనివ్వండి" అంది, ఆ దూది గొంతుతోనే. ఆశ్చర్యం, మా అమ్మ ముందుకు వంగి చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. విని, ఆగింది. ఆవిడ ఆగేసరికి మిగతావాళ్లూ ఆగారు.

చిన్నదాన్ని గోడ మీద కూర్చోబెట్టి, నేను కింద గచ్చు మీద కూర్చున్నాను. అలా కూర్చుంటే నా చెవి దాని నోటికి సరిగ్గా అందింది. ముందు బూట్లు విప్పాను. ఎడమది ఊడి వచ్చింది. కుడిది రాలేదు, మేజోడు మడమకు అంటుకుపోయింది. దాన్ని మెల్లగా తీసేటప్పుడు పిల్ల పళ్లు బిగించింది కానీ కిక్కురుమనలేదు. రెండు మడమలకూ చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాన్ని ఎదురుగా పెట్టుకుని ఏడవడం సిగ్గనిపించి, చేతిరుమాలు తడుపుకొచ్చే వంకతో అటు తిరిగాను.

వచ్చి మడమలు తుడుస్తూ, నాకు చేతనైనంత చిన్న గొంతుతో అడిగాను. "స్కూల్లో టీచరు అడిగితే ఎందుకు చెప్పవమ్మా?" టికెట్ల గదిలో ఉన్నాయన కిటికీలోంచి తొంగిచూశాడు. ఇంకా తగ్గించి మళ్లీ అడిగాను.

"చెప్తాను నాన్నా" అంది. "నేనే ముందు చెప్తాను. టీచర్ 'ఇంకెవరికి తెలుసు?' అంటుంది. అప్పుడు వెనక పిల్లలు అరుస్తారు. వాళ్లకి వెరీ గుడ్ అంటుంది."

"నువ్వు చెప్పానని అనలేదా మరి?"

"అది కూడా చెప్పాను."

రుమాలు పిండాను. మళ్లీ తడిపాను. దూరంగా మావాళ్లు నలుగురూ, అంటే ముగ్గురూ, గైడూ, లైను కట్టి నిలబడి మావైపే చూస్తున్నారు. ఒక్కళ్లూ మాట్లాడటం లేదు. డప్పుగాడు తన నోటిని తనే చేత్తో పట్టుకుని ఉన్నాడు. లెన్సాయన కూడా వెళ్లిపోకుండా అక్కడే ఆగాడు.

"బూట్లు కాక," అన్నాను, "ఇంకా ఏమేం చెప్పావమ్మా నాకు?"

అది నా మొహంలోకి చూసింది. నిజంగా అడుగుతున్నానో, సరే అమ్మా అనడానికి అడుగుతున్నానో తేల్చుకుంటున్నట్టు చాలాసేపు చూసింది. నేను చెవి ఇంకాస్త దగ్గరికి పెట్టాను.

"చాలా ఉన్నాయి నాన్నా" అంది. "ఎప్పటినుంచి చెప్పను?"